మిరప టిక్కీ బరువు

1999 ఫిబ్రవరిలో ప్రత్తిపాడు దగ్గర ఒక మిరప కల్లంలో నాలుగేళ్ల ఆడపిల్లను కాటా ఎక్కించి తూయించాను. నలభై ఒక్క కిలోలు తూగింది, టిక్కీ అంత, అంటే కాయలు కూరిన ఒక గోతమంత. "గోతం తరుగు తియ్యమంటారా సార్?" అన్నాడు కాటా వేసే మనిషి, బస్తా తూచాక ఖాళీ గోతం బరువు తీసేసినట్టు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కాటా ముల్లు, పిల్ల ముఖం ఒకే ఫ్రేములో పడేదాకా మా ఫొటోగ్రాఫర్ ఆమెను కదలనివ్వలేదు.

అప్పట్లో నేను ఒక దినపత్రికకు గుంటూరులో స్టాఫ్ రిపోర్టర్ని. ఇలాంటి పిల్ల ఉందని ఆ ఊరి నుంచి మాకు వార్తలు పంపే కంట్రిబ్యూటర్ ఫోన్ చేస్తే, జిల్లా పేజీకి బాక్స్ ఐటమ్ దొరికిందని జీపులో వెళ్లాను. పిల్ల పేరు సలోమి. తల్లి రూతమ్మ అదే కల్లంలో తాలు కాయలు ఏరుతోంది. భర్త తనకు సొంత మేనమామ అని చెప్పింది. ఏం పెడుతున్నావని అడిగితే చేతిలో కాయలు కింద పెట్టి, "పెట్టేదేముందయ్యా, అందరం తినే గంజే. కడుపు నిండిందన్న సంగతే దానికి తెలవదు. నిద్దట్లో లేచి కుండ కాడికి పోద్ది" అంది.

రాసుకున్నాను. కానీ వార్తలో దాన్ని చివరి పేరాలో పెట్టాను. చోటు చాలకపోతే డెస్కు వాళ్లు వార్తను కింది నుంచి కోస్తారు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నేర్చుకునే సంగతి అది. ఆ రోజు చోటు చాలలేదు. 'నాలుగేళ్ల పిల్ల.. మిరప టిక్కీ బరువు' అన్న శీర్షిక మాత్రం నేను పెట్టినట్టే వచ్చింది.

2007లో, పొట్ట పరిమాణం తగ్గించే ఆపరేషన్ల మీద ఆరోగ్యం పేజీకి రాయడానికి హైదరాబాదులో ఒక సర్జన్‌ను కలిశాను. కొందరికి పుట్టుకతోనే జన్యువులో లోపం ఉంటుందని, 'ఇక చాలు' అన్న కబురు మెదడుకు అందదని, దగ్గరి మేనరికాల్లో ఇలాంటివి బయటపడే అవకాశం ఎక్కువని ఆయన వివరించారు. రూతమ్మ చెప్పిందీ అదే. నేను పెన్ను మూసేశాను.

మర్నాడే ఆ ఊరు వెళ్లాను. సలోమికి పన్నెండేళ్లు. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది. బడిలో అందరూ 'టిక్కీ' అంటుంటే మూడో తరగతిలోనే మానేసింది. రూతమ్మ నన్ను గుర్తుపట్టింది. గొంతు పెంచలేదు. "మీరు రాసింది చూసి ఆటోలు కట్టించుకోని వచ్చారయ్యా. డాక్టరు ఒక్కడూ రాలేదు. అరటిపళ్లు తెచ్చి, తింటుంటే చూసి పోయారు."

వాళ్లను ఆ సర్జన్ దగ్గరికి తీసుకెళ్లాను. లెప్టిన్ అనే హార్మోన్ లేకపోవడమే కారణమైతే ఇంజెక్షన్లతో సరిపోతుందని, ఆపరేషన్ అక్కర్లేదని ఆయన అన్నారు. పరీక్షలో అది సరిగానే ఉంది. అంటే లోపం మరో జన్యువులో ఉండాలి. ఆకలి పుట్టేది మెదడులో కాబట్టి పొట్ట కోసినా ఫలితం నిలుస్తుందని మాట ఇవ్వలేనని కూడా చెప్పారు. "ఊపిరాడితే చాలయ్యా" అంది రూతమ్మ. పద్నాలుగో ఏట ఆపరేషన్ జరిగింది. సలోమి పడుకుని నిద్రపోగలిగింది. రెండేళ్లకు తగ్గిన బరువులో సగం తిరిగి వచ్చింది.

వార్తలో ముందు ఏది రాస్తామన్నది ఒక మనిషి డాక్టరు దగ్గరికి చేరడాన్ని ఎనిమిదేళ్లు వెనక్కి నెట్టగలదని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. లోపం ఏ జన్యువులో ఉందో తేల్చడానికి పంపిన రక్త నమూనాలో, అప్పటికి తెలిసిన లోపాలేవీ కనబడలేదు. ఆ పిల్ల ఆకలికి కారణం ఇప్పటికీ తేలలేదు.