దానియేలు కంప్యూటర్‌కు ముగ్గురు కాపలాదారులు

2024వ సంవత్సరం, చలి అప్పుడే మొదలైంది. శంషాబాద్ బస్టాండుకు దగ్గర్లో నాకొక కంప్యూటర్ రిపేరు దుకాణం ఉంది. ఈ చుట్టుపక్కల నేను చంపిన వైరస్‌లను బారులు తీర్చి నిలబెడితే ఎయిర్‌పోర్టు గేటు దాకా వస్తాయి. సరే, రావు. వైరస్ పట్టిందని నా దగ్గరికి తెచ్చిన కంప్యూటర్లలో సగానికి పట్టింది దుమ్ము. మిగతా వాటిలో చాలావాటికి వైరు వదులు. ఇప్పుడు చెప్పే కేసులో మాత్రం పిసరంత కూడా పెంచి చెప్పను. ఒకవేళ చెప్పినా, అక్కడికక్కడే ఒప్పుకుంటాను.

ఆ రోజు పొద్దున షట్టరు ఎత్తుతుంటే గగన్‌పహాడ్ నుంచి దానియేలు ఫోన్ చేశాడు. ఎయిర్‌పోర్టులో ప్రయాణికుల పెట్టెలను ఎక్స్‌రే తెర మీద చూసి, అనుమానం వచ్చినవాటిని పక్కకు పెట్టించడం అతని ఉద్యోగం.

"బాపూ, జర జల్ది రా! కంప్యూటర్ల వైరస్ సొచ్చింది. సువార్త పాటలన్నీ ఖరాబైనయ్!"

సువార్త అతని భార్య. వాళ్ల చర్చిలో పెద్దవాళ్లు పాడే పాటల్లో చాలావాటికి పుస్తకం లేదు. తల్లి నోటి నుంచి బిడ్డ నోటికి వచ్చినవే. సువార్త ఇల్లిల్లూ తిరిగి, వాళ్ల చేత పాడించుకుని, ఇంటికొచ్చి కంప్యూటర్‌లో టైపు చేసుకుంటూ వచ్చింది. పాడినవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. ఆ సాయంత్రానికి ఫైలు అత్తాపూర్‌లోని ప్రెస్సుకు చేరితేనే చర్చి వార్షికోత్సవానికి పుస్తకం వస్తుంది. ఆ ఫైలుకు ఇంకెక్కడా కాపీ లేదు.

బండెక్కి గాలిలా దూసుకుపోయాను. అబద్ధం. షేర్ ఆటోలో, ఇద్దరు మేస్త్రీల మధ్య ఇరుక్కుని పోయాను. గుండె మాత్రం నిజంగానే ఆటో కంటే ముందు ఉరికింది. ఈ వయసులో ఇలాంటి కేసు తగిలితే నాకు ఒళ్లంతా హుషారు!

వెళ్లేసరికి సువార్త కంప్యూటర్ ముందు చెంపకు చెయ్యి ఆనించుకుని కూర్చుంది. తెర మీద పాటల ఫైలు తెరిచి ఉంది. అందులో తెలుగు ముక్క ఒక్కటీ లేదు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, డాలరు గుర్తులు, ఆశ్చర్యార్థకాలు గుంపుగా పడి ఉన్నాయి.

"నిన్నటిదాక మంచిగనే ఉండె బాపూ. ఇయ్యాల తెరిస్తే గిట్లున్నది," అంది.

నేను కళ్లజోడు సర్దుకుని, డాక్టరులా తల పంకించి, "ర్యాన్సమ్‌వేర్" అన్నాను. అంటే ఫైళ్లకు తాళం వేసి, తీయాలంటే డబ్బడిగే రకం వైరస్.

"నేను అదే అన్న!" అని దానియేలు ఎగిరాడు. "మా దోస్తు గూడ ఫార్మాట్ కొట్టుమన్నడు. మొత్తం తుడిచేసి కొత్తగ ఎక్కిద్దాం."

"తుడుస్తవా? నా పాటలు తుడుస్తవా? ముందుగాల నిన్ను ఫార్మాట్ కొడతా ఆగు!"

నిజం చెప్పొద్దూ, నా నాలుక చివర కూడా అదే మాట ఉంది. సువార్త ముఖం చూసి మింగేశాను. ఏం చేసినా ముందు ఉన్నది ఉన్నట్టు కాపీ తీయాలని పెన్‌డ్రైవ్ పెట్టాను. ఆ చిన్న ఫైలు కాపీ కావడానికి చాలాసేపు పట్టింది. మౌసు కదిపితే బాణం గుర్తు బురదలో దున్నపోతులా నడుస్తోంది. అప్పుడు చూశాను, తెర కింద కుడి మూలన మూడు రంగుల గుర్తులు.

"ఇవేందయ్యా?"

"యాంటీవైరస్‌లు బాపూ," అన్నాడు దానియేలు గర్వంగా.

"మూడెందుకు?"

"ఏందట్లంటవ్? ఎయిర్‌పోర్టుల ఒక్క గేటే ఉంటదా? వాకిట్ల టికెట్ చూస్తరు. మా కాడ పెట్టె చూస్తరు. లోపట మనిషిని తడుముతరు. ఒకడు ఇడిస్తే ఇంకొకడు పడతడు. గట్లనే ఇంట్ల గూడ పెట్టిన."

నాకు నవ్వొచ్చింది గానీ, అతని లెక్కలో తెలివి లేకపోలేదు. మొదటిది డ్యూటీలో పక్క సీటు మనిషి వాడుతున్నాడని కొన్నాడు. రెండోది నెల రోజులు ఉచితమంటే ఎక్కించాడు. మూడోది బామ్మర్ది పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన దొంగ కాపీ. దొంగ చేతి తాళం తెచ్చి ఇంటికి వేసుకున్నట్టు! ఇళ్లల్లో యాంటీవైరస్ ఎంచుకునే తీరు చాలావరకు ఇదే. పక్కింట్లో ఏముందో చూస్తారు, ఏది ఎక్కువ మోగుతుందో చూస్తారు. లోపల అది ఏం చేస్తుందో అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అది చేసేదాన్ని మా పనిలో రియల్‌టైమ్ స్కానింగ్ అంటారు. మీరు ఏ ఫైలు ముట్టుకున్నా, తెరుచుకునే లోపే దాన్ని తనిఖీ చేస్తుంది. ఈ పని ఒక్కరు చేస్తే కాపలా, ముగ్గురు చేస్తే కుస్తీ.

"మీ ఎయిర్‌పోర్టుల గేట్లు ఒకదాని ఎనుక ఒకటి ఉంటయ్ దానియేలూ. ఇక్కడ ముగ్గురూ ఒకటే గేటుకాడ నిలవడి, ఒకటే పెట్టెను మూడు దిక్కుల గుంజుతున్నరు. మీదికెళ్లి ఒకనికి ఒకడు దొంగ లెక్కనే కనబడతడు."

"అయ్యో!" అన్నాడు, ఆ పెట్టె తనదే అయినట్టు.

కంప్యూటర్ ఎందుకు ఈడ్చుకుంటూ నడుస్తోందో తేలింది. పాటలు ఎక్కడికి పోయాయో తేలలేదు. ఆ తర్వాతి ముక్కను నేను తెర చూడగానే పట్టేశానని దుకాణంలో చాలామందికి చెప్పుకున్నాను. పట్టలేదు. సువార్తే మెల్లగా అంది:

"బాపూ, నేను టైపు కొట్టేటప్పుడు కింద చిన్న 'తె' అక్షరం బొమ్మ ఉంటుండె. ఇయ్యాల అది గూడ లేదు."

నా బుర్రలో దీపం భగ్గున వెలిగింది! ఆమె వాడేది పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్. మీరు నొక్కే ప్రతి మీటనూ అది పక్కన నిలబడి చూస్తుంది, చూసి తెలుగు అక్షరంగా మారుస్తుంది. మీరేం టైపు చేస్తున్నారో దొంగచాటుగా చూసే గూఢచారి వైరస్ కూడా సరిగ్గా ఇలాగే పక్కన నిలబడుతుంది. కాపలాదారుకు ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. మంచివాణ్ణి దొంగనుకోవడాన్ని ఫాల్స్ పాజిటివ్ అంటారు. అనుమానితులను బంధించే గది పేరు క్వారంటైన్.

ఉచిత యాంటీవైరస్‌లో క్వారంటైన్ గది తెరిచాను. ఉంది! సువార్త టైపింగ్ సాఫ్ట్‌వేర్, దాని అక్షరాల ఫాంటుతో సహా, మొత్తానికి మొత్తం లోపల పడి ఉంది. పాటలను ఎవరూ తినలేదు. వాటిని తెలుగులో చూపించే కళ్లద్దాలే జైల్లో ఉన్నాయి!

"దొరికిండు దొంగ!" అంటూ దానియేలు మౌసు లాక్కున్నాడు. ఎర్రటి గడిలో 'శాశ్వతంగా తొలగించు' అనే అర్థం వచ్చే మీట. బాణం దాని మీదికి వెళ్లిపోయింది.

"ఆగు!" అని అరిచి అతని చెయ్యి పట్టుకున్నాను. ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన డీటీపీ ఆయన ఎప్పుడో దుకాణం మూసేశాడు. ఆ ఫాంటు ఇంకెక్కడ దొరుకుతుందో దేవుడికే తెలియాలి.

"ఎర్రగ కనబడితే ఒత్తాలె గదా బాపూ? నిన్న గూడ ఏదో ఎర్రగొస్తే 'సరే' అని ఒత్తిన."

"ఏం రాసుందో చదివినవా?"

చదవలేదని అతని ముఖమే చెప్పింది. సువార్త అతని వైపు చూసిన చూపుకు ఏ యాంటీవైరస్సూ అడ్డుపడలేదు.

"దానియేలూ, నువ్వు పక్కకు పెట్టించిన ప్రతి పెట్టెల బాంబు ఉంటదా?"

"యాడుంటది! మొన్న ఒక ముసలమ్మ పెట్టె తెర మీద నల్లగ, గుండ్రంగ కనబడ్డది. మా పానం పోయింది. తెరిపిస్తే చీరల నడుమ పచ్చళ్లు నూరే చిన్న రోలు."

"మరి రోలును పగలగొట్టినవా?"

"ఎందుకు పగలగొడత? చూసి, మల్ల పెట్టెల పెట్టి పంపిన..." అని ఆగిపోయాడు. మౌసు మెల్లగా నా చేతిలో పెట్టాడు.

క్వారంటైన్ గదిలో ఉన్న ప్రతివాడూ అమాయకుడే కానక్కర్లేదు. అందుకే ముందు ఆ సాఫ్ట్‌వేర్‌ను ఇంటర్నెట్‌లో వైరస్‌లు పరీక్షించే మరో రెండు చోట్ల చూపించాను. శుభ్రంగా ఉందని తేలాకే 'రిస్టోర్' నొక్కి వెనక్కి రప్పించాను. దొంగ కాపీని, ఉచితదాన్ని తీసేశాను. కొన్నదాన్ని ఒక్కదాన్నే ఉంచి, ఈ సాఫ్ట్‌వేర్ మనవాడేనని దానికి చెప్పాను. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాం. ఈ సారి నిమిషంలో లేచి కూర్చుంది.

సువార్త ఫైలు తెరిచింది. తెలుగు! గుణింతాలతో, ఒత్తులతో, తళతళలాడే తెలుగు! ఆమె పేజీలను గబగబా కిందికి జరిపి ఒక పాట దగ్గర ఆగింది. అది కందుకూరు వైపు ఊళ్లో ఒక అవ్వ పాడిన పాట. ఆ అవ్వ కిందటేడు పోయింది.

"తొలకరి చినుకోలె దిగిరావయ్యా, మా నాగేటి సాలుల్ల నడిచిరావయ్యా..."

చదవబోయి పాడేసింది. రెండో వరుసకు దానియేలు గొంతు కలిపాడు.

"నీ గొంతును గూడ జర క్వారంటైన్ల పెడితే బాగుండు," అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ.

నేను మాత్రం నిబ్బరంగా నిలబడ్డాను. లేదు లెండి, నేనూ తుడుచుకున్నాను. సాయంత్రానికి ఫైలు అత్తాపూర్ చేరింది. ఒక కాపీ సువార్త మెయిల్‌లో, ఇంకొకటి పాస్టరు గారి పెన్‌డ్రైవ్‌లో పెట్టించాకే నేను ఆ ఇంటి గడప దాటాను.

ఇదివరకు దుకాణానికి వచ్చి "ఏ యాంటీవైరస్ మంచిది?" అని ఎవరడిగినా, నేను కూడా ఠక్కున ఒక పేరు చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఎదురు ప్రశ్న వేస్తాను: "నీ కంప్యూటర్ల ఏది పోతే ఏడుస్తవ్?" చాలామంది ఆ సంగతి అప్పుడే మొదటిసారి ఆలోచిస్తారు. పిల్లల ఫొటోలంటారు, కాలేజీ ప్రాజెక్టంటారు. ముందు దాన్ని ఇంకోచోట దాచమంటాను. తర్వాత ఒక్క కాపలాదారును పెట్టుకుని, వాడు అరిచిన ప్రతిసారీ ఏమంటున్నాడో చదవమంటాను. దేని కోసం కాపలా పెట్టుకున్నారో తెలిసినవాళ్లు, నేను చూసినంతలో, ఎర్ర మీటను తొందరపడి నొక్కరు.