లింటెల్‌కు జానెడు పైన

ఎనభైల మధ్యలో, కృష్ణ ఒడ్డున థర్మల్ కేంద్రం చిమ్నీలు లేస్తున్న రోజుల్లో, నన్ను సహాయ ఇంజనీరుగా రాయచూరు జిల్లాకు వేశారు. నా తోటివాళ్లంతా బాయిలర్లు, టర్బైన్ల దగ్గరికి వెళ్లారు. నాకు మాత్రం ఉద్యోగుల క్వార్టర్లలో వైరింగ్ పని అప్పగించారు. గుడివాడ నుంచి వచ్చినవాణ్ణి, కాలేజీ వాసన ఇంకా వదలనివాణ్ణి. ఇంతా చదివి ఇళ్ల కరెంటా అని కాస్త చిన్నబుచ్చుకున్నాను కూడా.

గోడలో తీగలు పూడ్చే పనికి మొదటి సూత్రం ఒకటే. ప్లాస్టరు పూశాక పైపు కనపడదు కాబట్టి, అది ఎటు పోతోందో చూడకుండానే ఊహించగలగాలి. అందుకని స్విచ్చుబోర్డు నుంచి నిలువుగా గానీ అడ్డంగా గానీ వెళ్లాలి, ఏటవాలుగా ఎన్నడూ వెళ్లకూడదు. నా ప్లానులో ప్లాస్టిక్ పైపు లింటెల్‌కు, అంటే ద్వారం పైన బరువు మోసే కాంక్రీటు దిమ్మెకు, జానెడు పైన అడ్డంగా పోతుంది. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు చూసి సంతకం పెట్టారు.

అభ్యంతరం చెప్పింది ఒక్క హుసేన్ సాబ్. ఆయన దేవదుర్గ మనిషి, మా వైర్‌మన్, వయసులో నాకు తండ్రంతటివాడు. ప్లానులో పైపు గీత మీద వేలు పెట్టాడు.

"తోరణం మొల గీడనే కొడ్తరు సార్. ద్వారబంధం ఇనుపది, దాని మీద సిమెంటు. యాడ దిగుతది?"

గోడలకు మేకులు కొట్టరాదని ప్రతి ఇంట్లో నోటీసు అంటిస్తాం కదా అన్నాను.

"గృహప్రవేశం నాడు నోటీసు ఎవరు సదువుతరు సార్?"

నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. గోడల్లో గాడులు కొట్టారు, పైపులు పెట్టారు, ప్లాస్టరు పూసేశారు.

మొదటి వరుస ఇళ్లు అప్పగించిన రోజు ఒక బాయిలర్ ఆపరేటరు కుటుంబం పాలు పొంగించుకుంటోంది. పది గంటలకల్లా దీపాలు వెలగాలని పైనుంచి మాట. వెళ్లి చూస్తే మెయిన్ పెట్టెలో ఫ్యూజులు లేవు. హుసేన్ సాబ్ జేబు తట్టి చూపించాడు.

"నా తాన ఉన్నయి సార్. అమ్మను తోరణం కట్టనియ్యండి, పెడ్త."

వెంటనే పెట్టమన్నాను. ఆయన కదల్లేదు. పదిమంది ముందు వైర్‌మన్ నా మాట కాదంటాడా అని ఒళ్లు మండిపోయింది.

అంతలో ఆపరేటరు తల్లి తిమ్మమ్మ ఇనుప స్టూలు ఎక్కింది. మొదటి మేకు వంగింది. రెండోదీ వంగింది. "ఏంది ఈ సిమెంటు, మొల దిగుతనే లేదు. జర పైన కొడ్త" అంటూ జానెడు పైకి జరిపింది. రెండు దెబ్బలకు మేకు దిగిపోయింది. దానికి ఇనుప తీగ చుట్టి, నీళ్లోడుతున్న మామిడాకులు కట్టి కిందికి దిగింది.

హుసేన్ సాబ్ మెగ్గర్ నా చేతికిచ్చాడు. పిడి తిప్పితే, తీగ మీది తొడుగు చెడిందో లేదో చెప్పే పరికరం అది. ఒక కొస కరెంటు వచ్చే ఫేజు తీగకు, ఇంకో కొస మేకుకు తగిలించి తిప్పాను. ముల్లు సున్నా మీద నిలబడింది, అంటే మేకు తొడుగు చీల్చుకుని ఆ తీగను తాకింది. కరెంటు తిరిగిపోయే న్యూట్రల్ తీగ మాత్రం చెక్కుచెదరలేదు. రెండు తీగలూ కలవలేదు కాబట్టి, కరెంటు ఉండి ఉంటే ఫ్యూజు పోయేది కాదు. మేకులోకి, తడి తోరణంలోకి, ఇనుప స్టూలు మీద నిలబడ్డ ఆ మనిషిలోకి కరెంటు పాకేది.

"లైటు ఎప్పుడొస్తది నాయనా?" అని తిమ్మమ్మ నన్నే అడిగింది.

ఆ వరుస ఇళ్లన్నిటిలో ప్లాస్టరు పగలగొట్టించాం. పైపును స్లాబు కిందికి, స్టూలెక్కినా అందని ఎత్తుకు మార్చి, అక్కడినుంచి ఒక్కో బోర్డుకు నిలువుగా దింపాం. విచారణలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, ఎవరి ఆజ్ఞతో ఫ్యూజులు తీశావని హుసేన్ సాబ్‌ను అడిగారు. "మా సారే తీయమన్నడు" అన్నాడాయన, నా మొహం చూడకుండా. కాదు, నేను పెట్టమన్నాను అని చెప్పాను. నాకు మెమో వచ్చింది. అది న్యాయమే.

ఆ తర్వాత సర్వీసంతా, ఇంటి వైరింగు ఎక్కడ గీయాల్సి వచ్చినా, ఆ ఇంటి ఆడవాళ్లు ఏది ఎక్కడ తగిలిస్తారో అడిగాకే పెన్సిలు పట్టాను. మా వృత్తిలో ఇలాంటి పాఠాలు చాలామంది ఒక ప్రాణం పోయాకే నేర్చుకుంటారు. నాకు ఆ అవసరం రాకుండా చేసినవాడు హుసేన్ సాబ్, అదీ నా మాట వినకపోవడం వల్ల.