నాయన వీపు మీది చెమటకాయలు

మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవులు వచ్చాయంటే వీధిలో పిల్లలందరికీ ఆటలే ఆటలు. నాకు మాత్రం నాయన వీపు.

జమ్మలమడుగులో మాది మగ్గం ఇల్లు. గుంతలో కాళ్ళు దించుకుని నాయన పొద్దున కూర్చున్నాడంటే మళ్ళీ లేచేది అన్నానికే. కిటికీలు మూసే ఉండాలి, పంకా వేయకూడదు... గాలి తగిలితే పట్టుపోగులు ఆరిపోయి పుటుక్కున తెగిపోతాయి. మే నెలలో ఆ గదిలో ఊపిరాడేది కాదు.

నాయన వీపంతా చెమటకాయలు. ఎర్రగా కంది, కొన్నిచోట్ల పగిలి... చూడలేకపోయేదాన్ని. గోక్కుందామంటే రెండు చేతులూ నేతలో, రెండు కాళ్ళూ మగ్గం తొక్కే పలకల మీద.

"అమ్మీ, యాడుండావు? ఈపు మండుతాంది" అని పిలిచేవాడు.

మా జేజికి, అంటే నాయనమ్మకు, తెలిసిన వైద్యం ఒకటే. తాటిముంజ పైతొక్క లోపలివైపు తడిగా ఉంటుంది కదా... దాంతో మెల్లగా రుద్దాలి. చల్లగా ఉండి దురద తగ్గుతుంది. అది ఆరగానే ఇంకో తొక్క. సాయంత్రం వేపాకు కాచిన నీళ్ళతో స్నానం, ఆ తర్వాత వేపాకు, పసుపు కలిపి నూరిన ముద్ద.

"మగ్గం మీదుండంగా మాత్రం పసుపు తేవాకు" అని జేజి రోజూ చెప్పేది.

నా స్నేహితురాళ్ళు పెన్నా ఇసుకలోకి పోతూ వాకిట్లోంచి కేకేసేవాళ్ళు. నాకేమో కదలడానికి లేదు. ఆ గదిలో నన్ను కట్టేసినట్టే ఉండేది. నిజం చెప్తున్నా... నాయన మీద జాలి కంటే కోపమే ఎక్కువ వచ్చేది.

ఒకరోజు ముంజల బండి రాలేదు. జేజి ఇంట్లో లేదు. తడిగుడ్డతో అద్దీ అద్దీ విసుగొచ్చింది. పసుపు ముద్ద ఒకసారి మందంగా పూసేస్తే సాయంత్రం దాకా నాకు పని ఉండదు కదా అనిపించింది. గబగబా కలిపి, నేతలో మునిగి ఉన్న నాయన భుజాల మీద పూసేశాను.

చెమటకు అది కరిగి, మోచేతి మీదుగా జారి, ఒళ్ళో ఉన్న చీర మీద పడింది. పెళ్ళికూతురి కోసం నేస్తున్న మీగడరంగు పట్టుచీర. నాయన మగ్గం ఆపి గుడ్డతో అద్దాడు. మరక ఇంకా పాకింది.

మర్నాడు, పట్టు ఇచ్చి చీరలు నేయించుకునే మేస్త్రి వచ్చి చూశాడు. "ఏందప్పా ఇది?"

"అన్నం తిని చెయ్యి సరిగ్గా కడుక్కోలే మామా. తప్పు నాదే" అన్నాడు నాయన.

తలుపు వెనక నిలబడి అంతా విన్నాను. బయటికి రాలేదు. మేస్త్రి ఆ చీర తీసుకోనన్నాడు. నాయన అన్ని రోజుల కష్టం నా వల్ల మట్టిపాలైంది.

ఆయన వెళ్ళాక నాయన నన్ను పిలిచాడు. కొడతాడనుకున్నా.

"ఇంగ నువ్వు ఈడికి రావద్దులే అమ్మీ. పోయి ఆడుకో పో" అన్నాడు.

పెన్నా దగ్గరికి వెళ్ళాను. ఎన్నాళ్ళ నుంచో కోరుకున్నదే దొరికింది... ఇసుకలో కూర్చుని ఏడ్చాను.

ఆ మగ్గం ఎప్పుడో తీసేశాం. ఇప్పుడు ప్రొద్దుటూరులో మా ఇంట్లో ఏసీ ఉంది, పౌడరు డబ్బా ఉంది. మా పిల్లలకు చెమటకాయలంటే ఏమిటో కూడా తెలియదు. మీ ఇళ్ళల్లో దురదలకు ఏం పూసేవాళ్ళు, ఎవరు పూసేవాళ్ళు... గుర్తొస్తే కింద రాయండి, చదువుకుంటాను.

నాయన మా దగ్గరే ఉంటాడు. ఇప్పటికీ వీపు దురద పెడితే గోడకు ఆనుకుని రుద్దుకుంటాడు... నన్ను పిలవడు.