బాబా తీసిన గేటు

రహీమాబీకి ఇంగ్లండు నచ్చలేదు. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఆమె ఆ మాటే చెప్పేది. "గడ్డి. యాడ సూసినా గడ్డే. దాన్ని సూసేదానికి విమానమెక్కి పోవల్లనా? వాన పడితే మా రాయచోటిలో ఉండదా గడ్డి?" అనేది. అంతకుమించి ఒక్క ముక్క చెప్పేది కాదు.

రాయచోటి నుంచి అరబ్బు దేశంలోని ఖోర్ ఫక్కాన్ అనే రేవు ఊరికి వచ్చి ఆమె అబూ మర్వాన్ ఇంట్లో వంటకూ పిల్లలను చూసుకోడానికీ కుదిరింది. ఆయన రేవులో లారీలు తిప్పే ఆసామి. ఇంట్లో పనిచేసేవాళ్ళు ఆయన్ను నాన్న అన్నట్టు బాబా అనీ, ఆయన భార్యను అమ్మ అన్నట్టు మామా అనీ పిలవాలి. తనకన్నా చిన్నవాణ్ణి పట్టుకుని బాబా అనడం రహీమాబీకి మొదట్లో నవ్వు తెప్పించేది, తర్వాత నోటికి అలవాటైపోయింది. ఆమెకు కావలసింది ఒక్కటే, తమ్ముడు నబీ రసూల్‌కు వీసా. వాడు ఊళ్ళో పనీపాటా లేక బస్టాండు చుట్టూ తిరుగుతున్నాడు. లారీల షెడ్డులో వాడికో చోటివ్వమని ఆమె అడిగినప్పుడల్లా అల్లా తలిస్తే చూద్దామన్నట్టు బాబా "ఇన్షా అల్లా" అనేవాడు. కాదని చెప్పడానికి కూడా ఆయన ఆ మాటే వాడతాడని తెలియడానికి ఆమెకు ఎక్కువ కాలం పట్టలేదు.

ఎనభై మూడు ఎండాకాలంలో ఖోర్ ఫక్కాన్‌లో పెద్ద ఆసాములంతా లండన్ పోతున్నారని బాబా కూడా బయల్దేరాడు. లండన్‌లోనే ఉండిపోతే గుంపులో గోవిందా అవుతుందనిపించిందేమో, కారు అద్దెకు తీసుకుని పల్లెల మీదుగా దేశమంతా తిరుగుతానన్నాడు. మామాకు ఆ దేశపు తిండి గొంతు దిగదు. అందుకని బియ్యం మూట, స్టవ్వు, వాటితోపాటు రహీమాబీ. "తిరిగొచ్చాక నీ తమ్ముడి సంగతి చూస్తా" అన్నాడు బాబా, మొదటిసారి ఇన్షా అల్లా తగిలించకుండా. ఆ మాట పట్టుకునే ఆమె విమానమెక్కింది.

అక్కడి పల్లె దారులన్నీ ఇరుకు సందులు, రెండు పక్కలా మనిషెత్తు పొదలు. ఖోర్ ఫక్కాన్‌లో బాబా హారన్ కొడితే రోడ్డు ఖాళీ అవుతుంది. ఇక్కడ ట్రాక్టరు వెనకాల నత్తనడక నడవాల్సి వచ్చింది. బండ్లన్నీ ఎడమ పక్కన పోతుంటే ఆయన మలుపు మలుపుకీ కుడికి తిప్పేవాడు, మామా కేక పెట్టేది. ఎదురొచ్చినవాడికి దారివ్వడానికి కారు వెనక్కి తీయాల్సి వస్తే ఆయన చెవులు ఎర్రబడేవి. పైన వాన. వెనక సీట్లో కొట్టుకునే పిల్లల మధ్య రహీమాబీ, ఆమె ఒడిలో డేక్సా. మామా కిటికీలోంచి చూస్తూ "జన్నత్, జన్నత్" అని మురిసిపోయేది. ఆ స్వర్గంలో గిన్నెలు తోమేదెవరో మాత్రం చెప్పలేదు.

ఒకనాటి మధ్యాహ్నం ఎండ కాసింది. బాబాకు శుక్రవారాలు గుర్తొచ్చాయి. తమ దేశంలో శుక్రవారం సెలవంటే నచ్చినచోట కారాపి, చాప పరిచి, పొయ్యి వెలిగించడమే. ఎడారిలో ఎవణ్ణీ అడగక్కర్లేదు. ఇక్కడా అంతే అనుకున్నాడు మహానుభావుడు. పొదల మధ్య ఒక కట్టెల గేటు, దాని అవతల పచ్చటి వాలు, ఆ చివర గొర్రెల మంద. తానే దిగి గొళ్ళెం తీసి, గేటు బార్లా తెరిచి, కారు లోపలికి తోలాడు. మళ్ళీ వేయాలన్న ఆలోచనే రాలేదు. పుట్టి బుద్ధెరిగాక తాను తీసిన తలుపు తాను వేసిన మనిషి కాదాయన, ఆ పనికి వెనక ఎవరో ఒకరు ఉంటారు. వెనకున్న రహీమాబీ ఒడిలో డేక్సా ఉంది, భుజం మీద నిద్రపోయిన పిల్ల ఉంది.

అన్నం ఉడికేలోపే గొర్రెలన్నీ గేటు దాటి రోడ్డెక్కాయి. అటు ఒక బస్సు, ఇటు ఒక పాలబండి ఆగిపోయాయి. రబ్బరు బూట్లు వేసుకున్న ముసలి దొర ఒకడు కుక్కను వెంటేసుకుని వచ్చాడు. కేకలేమీ వేయలేదు. తెరిచిన గేటు చూపించాడు, చాప కింద నలిగిన గడ్డి చూపించాడు, నెమ్మదిగా ఏదో అన్నాడు. అంతే, లారీల ఆసామి రెండు చేతులూ ముందుకు కట్టుకుని "సారీ సార్, సారీ సార్" అనడం మొదలుపెట్టాడు. షెడ్డు కూలీలు తన ముందు ఎలా నిలబడతారో అచ్చం అలాగే నిలబడ్డాడు. ఎవరూ నేర్పకుండానే ఎంత బాగా వచ్చిందో!

ముసలాయన రోడ్డు వైపు వేలు చూపాడు. బాబా కొత్త సూటుతో గొర్రెల వెంట పరుగెత్తాడు. తాతముత్తాతలు మేకలు కాసిన వంశమే గానీ, ఒక్క గొర్రె కూడా ఆయన్ను లెక్కచేయలేదు. ఒక బూటు బురదలో ఉండిపోయింది. చివరికి కుక్కే వాటన్నిటినీ తోలుకొచ్చింది.

అప్పుడు ముసలాయన గేటు వైపు చూసి ఏదో అడిగాడు. బాబా చెయ్యెత్తి రహీమాబీని చూపించాడు. ఇంగ్లీషు రాకపోయినా ఆ వేలు ఆమెకు అర్థమైంది. గేటు తీసింది ఇదే అంటున్నాడు. ఒళ్ళు మండిపోయింది. తమ్ముడు గుర్తొచ్చి తల వంచుకుంది. ముసలాయన ఆమెను ఒకసారి చూసి, బాబాను అంతకంటే ఎక్కువసేపు చూసి, కుక్కతో వెళ్ళిపోయాడు. సగం ఉడికిన అన్నం డేక్సాతో సహా మళ్ళీ ఆమె ఒడిలోకే వచ్చింది.

తిరిగొచ్చాక ఒక సాయంత్రం బాబా మజ్లిస్‌లో, మగవాళ్ళంతా కూర్చునే ఆ గదిలో, ఈ కథ ఎత్తుకున్నాడు. రహీమాబీ అరబ్బు కాఫీ కహ్వా పళ్ళెం గుమ్మం దగ్గర పెడుతోంది. ఆ కథలో ముసలాయన చేతికి తుపాకీ వచ్చింది, కుక్కలు పెరిగాయి. బాబా మాత్రం అడుగు వెనక్కి వేయలేదట. "భూమి అల్లాది, నీదెలా అయింది?" అని గద్దిస్తే దొర హడలిపోయి సారీ చెప్పాడట. మూల కూర్చున్న ఒకాయన కిసుక్కున నవ్వాడు. బాబా చెవులు ఎర్రబడ్డాయి.

"రహీమా! సచ్ బోలో. నువ్వున్నావు కదా అక్కడ?"

తలలన్నీ గుమ్మం వైపు తిరిగాయి. బాబా ఆమెనే చూస్తున్నాడు. అది హుకుం కాదు, బతిమాలుకోవడం. ఒక్క మాటతో ఆయన్ను మళ్ళీ ఆ బురదలో నిలబెట్టవచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"హా బాబా, సచ్ హై" అంది రహీమాబీ. అది చాలదన్నట్టు, ఆ ముసలోడు మీ కాళ్ళ మీద పడ్డాడు కదా అని తనంతట తానే ఇంకొకటి కలిపింది. ఆ వారంలోనే వీసా వచ్చింది.

నబీ రసూల్ షెడ్డులో చేరిన కొన్నాళ్ళకు వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అక్కా, మన బాబా పులి గదా! షెడ్డులో అందురూ చెప్తాండారు. తెల్లోడు ఆయప్ప కాళ్ళ మీద పడినాడంట. నువ్వు ఆడనే ఉంటివంట. నిజమేనా?"

వాడికి నిజం చెప్పాలని ఆమెకు ఎంతగానో అనిపించింది. వాడి ఒంటిమీద షెడ్డువాళ్ళిచ్చిన కొత్త చొక్కా చూసింది.

"నిజమే. కండ్లారా సూస్తిని" అంది.

ఇంతలో వాకిట్లో హారన్ మోగింది. ఎక్కడ చచ్చావని బాబా అరుస్తున్నాడు. నబీ రసూల్ ఉరికి, కారు ముందు రెండు చేతులూ ముందుకు కట్టుకుని "సారీ బాబా, సారీ బాబా" అనసాగాడు. పులి ముందు నిలబడ్డాననే వాడి నమ్మకం. ఆ నమ్మకానికి సాక్ష్యం సొంత అక్కే చెప్పింది. రహీమాబీ లేచి వెళ్ళి, వాడు తెరిచి వదిలేసిన వంటింటి తలుపు వేసింది.