ముప్ఫై ఒకటో సంకేతం

1966లో రాయపూర్‌లో రైల్వే ఎలక్ట్రికల్ చార్జ్‌మన్‌గా చేరాను. చార్జ్‌మన్ అంటే ఫిట్టర్లకు పైన, ఫోర్‌మన్‌కు కింద. ఆ ఏడాది మా కాలనీ తెలుగువాళ్లు రెండు ఇళ్ల పగ మీద ఒక పాత విషాద నాటకం వేస్తూ, దీపాల పని నాకు అప్పగించారు. దర్శకురాలు రైల్వే ఆసుపత్రి హెడ్ సిస్టర్ సుగుణమ్మ గారు.

పగబట్టిన ఇద్దరు తండ్రుల వేషాలు ఫిట్టర్ అప్పారావుకీ, అతని చెల్లెలి భర్త, గార్డు సూర్యనారాయణకీ ఇచ్చారు. బయట కూడా వాళ్లకు నాలుగేళ్లుగా మాటల్లేవు. అప్పారావు ఊళ్లో లేనప్పుడు అతని తల్లి ఈ చెల్లెలి ఇంట్లో పోయింది. అతను చేరేలోగా దహనం అయిపోయింది. అప్పటి నుంచి చెల్లెలి రాఖీకి కూడా అతను చెయ్యి చాపలేదు.

వేషాలు మార్చకూడదా అని అడిగాను. "పగ వాళ్లకు నేర్పక్కర్లేదు బాబూ. ఆపుకోవడమే నేర్పాలి. గడబడ అయితే మాత్రం నువ్వు లైట్ బంద్ చేసెయ్" అన్నారావిడ.

ఆ రోజుల్లో దీపం తగ్గించడానికి మట్టి గొట్టంలో ఉప్పునీళ్లు పోసి, రెండు సీసపు పలకలు వేలాడదీసేవాళ్లం. పై పలక ఎత్తితే వెలుగు తగ్గుతుంది. ఏ మాటకు ఎంత ఎత్తాలో ముప్ఫై ఒక్క సంకేతాలు కాగితం మీద రాసుకున్నాను. చివరిది: కత్తి కింద పడిన చప్పుడుకు చీకటి.

ప్రదర్శన చివర, నాటకంలో చనిపోయిన రెండిళ్ల పిల్లల శవాల మధ్య అప్పారావు రేకు కత్తి ఎత్తాడు. పుస్తకంలోని మాట అనలేదు.

"నేనొచ్చీదాకా ఒక్క పూట ఆగలేకపోనావేటి, బావా?"

ముందు వరుసలో అతని చెల్లెలు లేచి నిలబడింది. పక్క తెర దగ్గర నుంచి సుగుణమ్మ గారు లైట్ తీసెయ్యమని నాకు చెయ్యి ఊపారు. నా చెయ్యి మెయిన్ స్విచ్ మీదే ఉంది. కానీ కత్తి ఇంకా పడలేదు. స్విచ్ తీయలేదు.

సూర్యనారాయణ ఆ కత్తి కిందికే ఒక అడుగు ముందుకేశాడు. "ఆగాల్సింది. ఆగలేదు. తప్పు నాదే, బావా."

కత్తి పడింది. పలక ఎత్తేశాను. నాటకంలో భాగమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు.

లోపల చెల్లెలు ఇద్దరికీ టీ ఇచ్చింది. అప్పారావు ఒక గుక్క తాగి, "పంచదార తక్కువేసినావు. నీ మొగుడి పిసినారితనం నీకూ అంటుకున్నాదే" అన్నాడు. ఆమె నవ్వుతూ ఏడ్చింది.

తీగ దగ్గర నిప్పురవ్వ కనిపిస్తే వెంటనే స్విచ్ తీయాలి. మనుషులు వేడెక్కినప్పుడు స్విచ్ మీద చెయ్యి ఉంచి, రెండోవాడి జవాబు పూర్తిగా వినాలి. ఆ ముగ్గురి పుణ్యమా అని ఇది ఉద్యోగం మొదట్లోనే తెలిసింది. రిటైరయ్యేదాకా నా గ్యాంగుల తగాదాలు అలాగే విన్నాను. కొన్ని తెగలేదు. చాలా తెగాయి.