ఏడో ఆదివారం హాజరు

నా చిన్నప్పుడు మా పేటలో మగవాళ్లందరూ దీపాలు పెట్టే వేళకి ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేవాళ్లు. వల కాలువలోనే వదిలేసి వచ్చేవాళ్లు. కలుపుకున్న అన్నం పళ్లెంలోనే వదిలేసి లేచేవాళ్లు. మేము యానాదులం. రేపల్లెకి దిగువన కాలువ గట్టు మీద ఇరవై పాకల పేట మాది. రైతుల చేలల్లో బుట్టలు పెట్టి ఎలకలు పట్టడం, కాలువలో చేపలు పట్టడం మా పని. ఊళ్లో ఎవరింట్లో ఏది పోయినా ముందు మమ్మల్నే పట్టుకునేవాళ్లు. అందుకని రోజూ సాయంత్రం మా మగవాళ్లు మునసబుగారి అరుగు ముందు వరసగా నిలబడి తాము ఊళ్లోనే ఉన్నట్టు చెప్పుకోవాలి. మునసబుగారు అని రాశాను చూశారా, అలవాటు. ఇకమీద మునసబు అనే రాస్తాను.

అతను పడక కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చునేవాడు. మొదట్లో పేర్లు పిలిచేవాడట. తర్వాత ఆ ఓపిక కూడా లేకపోయింది. మొదటివాడు భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని "హాజరండి" అనగానే పక్కవాడు, ఆ పక్కవాడు వరసగా అనుకుంటూ పోవాలి. ఎవరైనా ఒక్క క్షణం ఆలస్యం చేస్తే అతని నోటికి అడ్డు ఉండేది కాదు. మా నాన్న వరసలో రెండోవాడు.

నాకు ఆరేళ్లప్పుడు ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చింది. మా నాన్న నన్ను భుజాన వేసుకుని రేపల్లె ఆసుపత్రికి నడిచాడు. ఆ సాయంత్రం హాజరుకి లేడు. మర్నాడు మునసబు అతన్ని గొడ్ల చావిడి గుంజకి కట్టించి పాలేళ్ల చేత కొట్టించాడు. ఎడమ మోకాలు చితికిపోయింది. నా జ్వరం మూడు రోజుల్లో తగ్గింది. కుంటి నడక మాత్రం మా నాన్న పోయేదాకా అలాగే ఉండిపోయింది.

మా అమ్మ తమ్ముడు, మా మావయ్య, అప్పటికి బాపట్లలో మిషన్ హాస్టల్లో ఉండి బి.ఏ. చదువుకుంటున్నాడు. మా పేటలో పది పాసైన మొదటి మనిషి ఆయనే. అక్కడ ఒక మాస్టారి దగ్గర ఆయనకి తెలిసింది, మా వాళ్ల చేత హాజరు వేయించే చట్టం నేను పుట్టకముందే రద్దయిపోయిందని. మాకెవరూ చెప్పలేదు. మునసబుకి తెలుసు. మావయ్య ఆ శనివారమే వచ్చి, వరసలో మా నాన్న పక్కన నిలబడి, తన వంతు వచ్చాక "ఆ చట్టం పోయిందండి. రేపట్నుంచి మావాళ్లెవరూ రారండి" అన్నాడు. హాజరు ఆ రోజుతో ఆగింది. ఆయన రాజకీయం అక్కడ మొదలైంది.

తర్వాత పేట పేటకీ సైకిల్ మీద తిరిగి మావాళ్లకోసం ఒక పార్టీ పెట్టాడు. ఎలకల బుట్టే ఎన్నికల గుర్తు. ఎలకల పార్టీ అని తెనాలి కాఫీ హోటళ్లలో నవ్వుకున్నారు. ఆ పార్టీకి ఎప్పుడూ మూడు నాలుగు సీట్లకి మించి రాలేదు. కానీ ఆ మూడు నాలుగూ లేనిదే ఏ ప్రభుత్వమూ నిలబడని పరిస్థితి మాటిమాటికీ వచ్చేది. ముఖ్యమంత్రులు ఎందరో మారారు గాని మావయ్య మంత్రిగానే ఉన్నాడు. మొదటిసారి మంత్రి అయ్యేసరికి నాకు పదకొండేళ్లు.

ఆయన దండలతో పేటకి వచ్చిన రోజు నేను అడిగింది ఒక్కటే. మునసబుని అదే గుంజకి ఎప్పుడు కట్టేయిస్తావని. మావయ్య నా జడ సవరిస్తూ, "కట్టేస్తే ఒక్కరోజుతో అయిపోద్దమ్మా. మనకి అంత తక్కువ సరిపోద్దా?" అన్నాడు. నాకు సగమే అర్థమైంది గాని ఆ సగమే ఎంతో నచ్చింది.

ప్రతి ఆదివారం పొద్దున్నే ఆయన రేపల్లె ట్రావెలర్స్ బంగళాలో అర్జీలు తీసుకునేవాడు. జనం తోసుకోకుండా పేర్లు రాసుకుని ఒక్కొక్కరినీ పిలిపించేవాడు. పిలిచినవాళ్లు హాజరండి అని చెప్పి లోపలికి రావాలని నియమం పెట్టాడు. ఎంత పెద్దవాళ్లకైనా అదే నియమం. కోర్టులో పిలుపు లాంటిదే అనుకున్నారు అందరూ, ఎవరూ తప్పు పట్టలేదు. పేర్లు చదివే పని నాకు అప్పగించాడు. ప్రతి పేరుకీ చివర గారు చేర్చి చదవాలని గట్టిగా చెప్పాడు. ఇదంతా ఎవరికోసమో నాకు తెలియడానికి మూడు నెలలు పట్టింది.

ఆ ఆదివారం చీటీలో మునసబు పేరుంది. అతని కొడుకు మావయ్య శాఖలోనే గుమాస్తా. ఎక్కడో శ్రీకాకుళం అవతల వేశారు. భార్య మంచాన పడింది, కొడుకుని తెనాలికి మార్పించుకోవాలి. నేను గొంతెత్తి అతని పేరు చదివి గారు చేర్చాను. వేపచెట్టు కింద కూర్చున్న మనిషి లేచి మెట్లదాకా వచ్చి ఆగిపోయాడు. బంట్రోతు దగ్గరికెళ్లి, "హాజరండి అని చెప్పాలి బాబాయిగారూ" అన్నాడు. మునసబు నన్ను చూశాడు, నా వెనక గోడకి వేలాడుతున్న బుట్ట గుర్తు చూశాడు. పెదవులు కదిలాయి. నేను "వినపడలేదండి" అన్నాను. రెండోసారి వినపడింది. ఆ రోజు నేను అన్నం తినకపోయినా కడుపు నిండినట్టే ఉంది.

లోపల మావయ్య అతనికి కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించి, కాగితం కదులుతోందండి, వచ్చే ఆదివారం ఒకసారి రండి అని పంపించాడు. అలా ఆరు ఆదివారాలు రప్పించాడు. వారం వారం అతని నడుం కాస్త కాస్త వంగింది. ఇంట్లో ముసలామె కొడుకు కోసం ఎదురుచూస్తూ ఉంటుందని నాకు తెలుసు. జాలి పడాల్సింది. పడలేదు. ఈ వయసులో అబద్ధం చెప్పి ఏం చేసుకుంటాను, ఆ ఆదివారాల తీపి ఇప్పటికీ నా నోట్లో ఉంది.

నా దిగులు ఒక్కటే, మునసబు హాజరండి అనడం మా నాన్న వినలేదు. రమ్మంటే, "ఎందుకులేమ్మా, పెద్దాయన" అని వల బాగుచేసుకుంటూ తప్పించుకునేవాడు. ఆ మాట అతని చెవిన పడితేనే లెక్క తీరినట్టని నేను పట్టుబట్టాను. ఏడో ఆదివారం ఏడ్చి, అన్నం మానేసి ఎలాగో తీసుకొచ్చాను. ఉతికిన చొక్కా వేసుకుని, తువ్వాలు భుజాన వేసుకుని, వరండాలో బల్ల మీద నా పక్కనే కూర్చున్నాడు.

నేను పేరు చదివాను. అంత గట్టిగా ఎప్పుడూ చదవలేదు. మునసబు మెట్ల కిందనుంచి, ఈపాటికి అలవాటైన గొంతుతో, "హాజరండి" అన్నాడు.

నా పక్కన బల్ల కిర్రుమంది. మా నాన్న లేచి నిలబడ్డాడు. తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. మోకాలు సహకరించక ఒక పక్కకి ఒరిగిపోతూనే, "హాజరండి" అన్నాడు.

ముందువాడు అన్నాడు, తన వంతు వచ్చింది. అంతే అతనికి తెలిసింది. వరండాలో ఎవరూ నవ్వలేదు. తను చేసిందేమిటో తెలిసి కూర్చోబోయి, కూర్చోవచ్చో లేదో తెలియక, మునసబు వైపు చూశాడు. ఏడు వారాలుగా వంగిన మునసబు నడుం అప్పుడు కొంచెం నిటారైంది. నేను చూశాను.

మావయ్య లోపలినుంచి వచ్చి, "కూర్చో బావా" అని మా నాన్న భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. తర్వాత జేబులోంచి బదిలీ ఉత్తర్వు తీసి మునసబు చేతిలో పెట్టాడు. "మీ పని మొదటి ఆదివారమే అయిపోయిందండి. ఇంక రానక్కర్లేదు" అన్నాడు. కాగితం మీద తేదీ చూసి మునసబు తల దించుకున్నాడు. దించుకుంటే దించుకున్నాడు. మా నాన్న లేచి నిలబడ్డదానికి అది ఏ మూలకీ చాలలేదు.

మావయ్య తన జీపులో మమ్మల్ని పేటకి తీసుకొచ్చాడు. నాన్న దిగి వెళ్లాక నాతో, "ఆ మాట వాడి నోట్లో పెట్టగలిగాం. మీ నాన్న నోట్లోంచి తియ్యలేకపోయాం" అన్నాడు. మరుసటి ఆదివారం నుంచి బంగళాలో పేర్ల పిలుపు లేదు.

ఆ తర్వాత ముప్పై ఏళ్లపాటు ఆయన ఏ ముఖ్యమంత్రి దగ్గర చేరినా మా పిల్లల హాస్టళ్లు తన చేతిలో ఉంచుకున్నాకే ఒప్పుకునేవాడు. ఆ హాస్టళ్లలో పిల్లలు హాజరు అనకూడదు. పేరు పిలిస్తే కూర్చున్నచోటే "ఉన్నాను" అనాలి. చివర అండి కూడా వద్దు. ఇదేం పట్టుదలో అధికారులకి అర్థమయ్యేది కాదు. మునసబుల పదవులు పోయిన ఏడు మావయ్య తెనాలి నుంచి మా పేటకి బుట్టెడు జిలేబీ పంపించాడు. మా నాన్న ఒకటి తిని, ఎందుకిచ్చారని అడిగాడు. చెప్పాక రెండోది కూడా తీసుకున్నాడు.

నేను ఆ హాస్టల్లోనే చదివి టీచర్నయ్యాను. మావయ్య పోయాక రేపల్లెలో విగ్రహం పెట్టారు. మొన్న దండ వేయడానికి మునసబు మనవడు కూడా వచ్చాడు, మంచివాడే, నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టాను. అంతకుమించి నా దగ్గర ఏమీ లేదు.

ఆ సభలో దండ వేయమని మైకులో నా పేరు పిలిచారు. నేను లేవలేదు. వినపడలేదేమో అని పక్కన కూర్చున్నావిడ మోచేత్తో పొడిచింది. వినపడింది. బ్యాంకులోనైనా, ఆసుపత్రిలోనైనా, మొదటి పిలుపుకి నేను లేచి ఎరగను. రెండోసారి పిలిచేదాకా కూర్చునే ఉంటాను. మొదటి పిలుపుకి మా ఇంట్లో అందరి తరఫునా మా నాన్న ఎప్పుడో లేచి నిలబడ్డాడు.