పై వరుస పానాలు

కామేశ్వరరావు చేతిలో సుత్తి కంటే చూపుడువేలే ఎక్కువ పని చేసిందని ఆయన భార్య కనకమహాలక్ష్మి అంటూ ఉంటుంది. ఆ మాట వింటే ఆయనకు ఒళ్లు మండుతుంది. కానీ కిష్టారెడ్డిపేటలో, వాళ్ల ఇంటి వెనక రేకుల గదిలో ఈ దసరాకు జరిగింది చూశాక, ఆవిడ మాటను మరీ తీసిపారేయడానికి లేదు.

పాలకొల్లు దగ్గరి పల్లె నుంచి ఒక ట్రంకు పెట్టెతో ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి దిగిన మనిషి ఆయన. రిటైరయ్యేదాకా టూల్ రూమే ఆయన లోకం. యంత్రాలు విప్పే పెద్ద పెద్ద పానాలూ, సమ్మెటలూ, గొలుసు కప్పీలూ అక్కడ గోడ నిండా వేలాడుతుండేవి. ఉద్యోగం అయిపోయినా ఆ పిచ్చి వదల్లేదు. పాతసామాన్ల దుకాణాల్లో తుప్పు పట్టిన పానా కనబడితే చాలు, తప్పిపోయిన బంధువు దొరికినంత సంబరపడి ఇంటికి తెచ్చేవాడు. అన్నీ గదిలో నేలమీదే ఉండేవి. కాలనీలో ఎవరి మోటారు మొరాయించినా ఈయన దగ్గరికే వచ్చేవాళ్లు. అలా రావడమే ఆయనకు పెన్షన్ కన్నా పెద్ద ఆధారం.

వానాకాలంలో ఒకనాడు కనకమహాలక్ష్మి బట్టలు తీసుకుని గదిలోంచి వస్తూ పైపు పానా తగిలి బోర్లా పడింది. కాలి బొటనవేలు చిట్లింది. ఆవిడ ఏడవలేదు, అరవలేదు. అదే ఆయన్ను భయపెట్టింది.

"దసరాలోగా ఇవి గోడెక్కాలండీ. ఎక్కడమే కాదు, మీ చేత్తో మీరు దించుకోగలగాలి, మళ్లీ పెట్టుకోగలగాలి. లేదా పండగ వెళ్లగానే పాత ఇనుము వాడిని పిలుస్తాను. నాకు రెండోమాట లేదు" అంది.

కామేశ్వరరావు రంగంలోకి దిగాడు. గోడను వేళ్లతో తట్టి చూస్తే డొల్ల సిమెంటు ఇటుకలు. వాటిలో మేకు దిగితే మట్టిలో దిగినట్టే, ఇంత బరువు ఆగదు. అందుకని రెండు మూలల కాంక్రీటు స్తంభాలకు పొడవాటి బోల్టులు దింపి, ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి మందపాటి ఇనుప కడ్డీలు అడ్డంగా వేయించాడు. బరువు గోడ మీద పడకుండా నేలదాకా ఇనుప కాళ్లు పెట్టించాడు. పనిముట్టు జారకుండా ప్రతి కొక్కెం కొసా పైకి వంపించాడు. పటాన్‌చెరు నుంచి వచ్చిన ఒడిశా వెల్డరు చివర్లో ఆ కడ్డీ పట్టుకుని వేలాడి చూశాడు. కిర్రుమనలేదు.

తర్వాత ఆ వెల్డరే తన నిచ్చెనెక్కి అన్నీ తగిలించాడు. ఈయన కింద నిలబడి వేలు చూపించాడు. "ఔర్ ఊపర్! ఇంకా పైకి! అది పై వరుసలో. దాని పక్కన గొలుసు కప్పీ." కళ్లు మూసుకున్నా ఆయనకు ఆ వరుస తెలుసు. పని పూర్తయ్యాక గోడవైపు చూస్తే అచ్చం పాత టూల్ రూమే. షిఫ్టు సైరన్, కందెన వాసన, క్యాంటీన్ ఉప్మా, అన్నీ ఒక్కసారిగా ఆయన మీద పడ్డాయి.

దసరా ముందురోజు సాయంత్రం కనకమహాలక్ష్మి పసుపు, కుంకుమ పళ్లెం పట్టుకుని వచ్చింది.

"దించండి. కడిగి బొట్లు పెడతాను."

కామేశ్వరరావు చెయ్యి చాచాడు. పై వరుసలోని పెద్ద పానా పిడికి జానెడు కిందే ఆయన వేళ్లు ఆగిపోయాయి. మునివేళ్ల మీద లేచాడు. అందలేదు. ఎక్కడ పొరపాటు జరిగింది? వరుస సరిగ్గానే ఉందే! కర్మాగారంలో ఏ ఆయుధపూజకైనా ఇలాగే కదా...

"అక్కడ ఎవరు దించేవారండీ?" అందావిడ మెల్లిగా.

"బాలరాజ్" అన్నాడు, చాచిన చెయ్యి దించేస్తూ.

బాలరాజ్ ఆయన హెల్పరు, జిన్నారం మనిషి. గుమ్మంలో తల వంచుకుని వచ్చేంత పొడగరి. ఈయన వేలు చూపించడం, అతను దించి చేతికివ్వడం, ఉద్యోగమంతా అలాగే గడిచింది. ఆ గోడ బాలరాజ్ ఎత్తుకు కట్టిన గోడ. దాన్నే తెచ్చి తన ఇంట్లో నిలబెట్టుకున్నాడు పెద్దమనిషి!

ఒక్కడే స్టూలెక్కడానికి కనకమహాలక్ష్మి ఒప్పుకోలేదు. ఫోన్ చేస్తే మర్నాడు పొద్దున్నే ఆటోలో దిగాడు బాలరాజ్. గోడ చూసి పకపకా నవ్వాడు.

"గదే వరుస సార్! ఒక్కటి గూడ మర్వలే మీరు."

"దించవోయ్ మరి."

బాలరాజ్ చెయ్యెత్తాడు. భుజం దాకా వచ్చి ఆగిపోయింది. నవ్వు తగ్గింది. "భుజం పట్టేసింది సార్. గింతే లేసుడు. డాక్టరు గూడ ఇగ ఇంతే అన్నడు."

చివరికి కామేశ్వరరావే స్టూలు ఎక్కాడు. బాలరాజ్ ఒక చేత్తో స్టూలు పట్టుకుని, రెండో చేతి వేలు చూపించాడు. "ముందుగాల గా పెద్దది తియ్యుండ్రి. జెర పైలం."

పానా కొక్కెం నుంచి వదిలేసరికి బరువుకు కామేశ్వరరావు చేతులు కిందికి దిగిపోయాయి. గుండెకు హత్తుకుని నిలదొక్కుకున్నాడు.

"ఇంత బరువా బాలరాజ్! రోజూ ఇదే దించేవాడివా?"

"దించుతుంటి."

"ఎప్పుడూ చెప్పలేదేం?"

"మీరెన్నడు అడగలె సార్." ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండునని కామేశ్వరరావుకు అనిపించింది. అతని భుజం వైపు చూడలేక స్టూలు దిగి చాలాసేపు పానా తుడుస్తూ కూర్చున్నాడు.

పూజయ్యాక సుద్దముక్క తెచ్చాడు. "ఇలా రా. నీ చెయ్యి ఎంతవరకు లేస్తుందో అంతవరకు లేపు."

బాలరాజ్ లేపాడు. ఆ వేళ్ల దగ్గర కామేశ్వరరావు గోడ మీద అడ్డంగా గీత గీశాడు. పై వరుస ఇక అక్కడికి దిగుతుంది.

"మీరు దించుకోవాలన్నాను గానీ, అతని చెయ్యి కొలుస్తారేమిటండీ?" అంది కనకమహాలక్ష్మి.

"నాకు అందుతుందిలే" అన్నాడాయన సుద్ద చేతులు దులుపుకుంటూ. "వచ్చే దసరాకు వస్తాడుగా, అతనికీ అందాలి."